అందరి మీదా ఒకేలా కాసే ఎండ: మన అన్నమయ్య కథ

మాది ప్రొద్దుటూరు. మా వైపు ఏప్రిల్ వచ్చిందంటే సూర్యుణ్ణి తిట్టుకోని మనిషి ఉండడు. కానీ ఆ ఎండకే పులివెందుల తోటల్లో చీనీకాయలు పండుతాయి, జమ్మలమడుగు పక్కన మైలవరంలో సోలార్ పలకలు కరెంటు ఇస్తాయి, మా మిద్దె మీద అవ్వ పెట్టిన వడియాలు ఎండుతాయి. దేవుడు ఇన్ని ఇస్తున్నాడు, బిల్లు మాత్రం పంపడు. మరి మనం ఏమిచ్చి ఆ రుణం తీర్చుకోవాలి? నాకు దీనికి జవాబు మా కడప నేల మీద పుట్టిన అన్నమయ్య జీవితంలో దొరికింది.

తాళ్లపాక అన్నమాచార్యులు 1408లో రాజంపేట దగ్గర తాళ్లపాకలో పుట్టారు. తండ్రి నారాయణ సూరి, తల్లి లక్కమాంబ. చిన్న వయసులోనే యాత్రికుల గుంపు వెంట తిరుమలకి నడిచి వెళ్లిపోయారు. కొండ ఎక్కుతూ ఆకలితో సొమ్మసిల్లి పడిపోతే, సాక్షాత్తూ అలమేలుమంగమ్మే వచ్చి ప్రసాదం పెట్టిందని చెబుతారు. తర్వాత మా ఊరికి ఉత్తరాన, నల్లమలలో ఉన్న అహోబిలం వెళ్లి ఆదివన్ శఠకోప యతి దగ్గర వేదాంతం నేర్చుకున్నారు.

సాళువ నరసింహరాయలు ఆయన్ని ఎంతో గౌరవించి దగ్గర పెట్టుకున్నాడు. కానీ ఒకరోజు తన మీద కూడా అలాంటి పాట కట్టమన్నాడు. హరిని పొగిడిన నాలుకతో మనిషిని పొగడనని అన్నమయ్య ఒప్పుకోలేదు. రాజు సంకెళ్లు వేయించాడు. ఆయన స్వామిని తలుచుకుని పాడితే ఆ సంకెళ్లు ఊడిపోయాయని ఆయన మనవడు చిన్నన్న రాసిన చరిత్రలో ఉంది.

రాజు ముందు తలవంచని ఆ మనిషే, పేదవాడి ముందు తల ఎగరేయలేదు. పరబ్రహ్మం ఒక్కటే అని పాడిన సంకీర్తనలో ఆయన ఉదాహరణలు గమనించండి. నిద్రపోయాక రాజుకీ సేవకుడికీ తేడా లేదు. ఏనుగుని తాకే ఎండే వీధికుక్కనీ తాకుతుంది. కులం చూసి మనిషిని దూరం పెట్టే రోజుల్లో, అగ్రహారంలో పుట్టినాయన ఈ మాట పాడారంటే ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి!

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో పనికొచ్చే వాళ్లకని గోడ గూట్లో విడిగా ఒక గ్లాసు ఉండేది. పొద్దున్నే సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చే చేతులే, మధ్యాహ్నం ఎండలో పనిచేసి వచ్చిన మనిషికి ఆ గ్లాసు అందించేవి. నేను ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగంలో చేరాక కూడా నోరు తెరిచి అడగలేదు. ఈ పాట మాత్రం చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నా. పోయిన ఎండాకాలం ఊరికెళ్లినప్పుడు ఆ గ్లాసు తీసి మా గ్లాసుల్లో కలిపేశా. అవ్వ కాసేపు చూసింది. ఏమీ అనలేదు. తర్వాత తనే కుండలో నీళ్లు ముంచి, అందులోంచి చేతికొచ్చిన గ్లాసుతో ఇచ్చింది.

అన్నమయ్య 1503లో స్వామిలో కలిసిపోయారు. 32 వేల సంకీర్తనలు రాశారని ప్రసిద్ధి. వాటిలో మనకి దక్కినవి సగం కూడా లేవు. అవి కూడా రాగిరేకుల మీద, తిరుమల గుడిలోని ఒక అరలో ఎంతోకాలం చీకట్లో ఉండిపోయి, 1922లో మళ్లీ వెలుగు చూశాయి.

రథసప్తమి నాడు తిరుమలలో స్వామి పొద్దున్నే సూర్యప్రభ వాహనం మీద వస్తారు. అన్నమయ్య కడపరాయడని పిలుచుకున్న దేవుని కడప స్వామికి కూడా ఆ రోజే రథోత్సవం. దర్శనానికి వెళ్లండి, అర్ఘ్యం తప్పకుండా ఇవ్వండి. కానీ ఆ చెంబు కింద పెట్టేముందు, మన ఇంట్లో, అపార్ట్‌మెంట్లో, ఆఫీసులో ఎవరికైనా విడిగా ఒక గ్లాసు ఉందేమో ఒక్కసారి చూసుకుందాం. సూర్యుడు మన దగ్గర అడగకుండా అడిగే కృతజ్ఞత అదే అనిపిస్తుంది నాకు.

ఓం నమో వేంకటేశాయ.