కోలాచల మల్లినాథసూరి – పరాగశబ్దము

మల్లినాథసూరి ఇంటిపేరు కోలాచలము. అది మెదకు జిల్లాలోని కొల్చారమేనని పండితుల నిర్ణయము. ఆయన వంశమునకు ఓరుగంటితో సంబంధము పూర్వమే కలదు. మట్టెవాడ మొదలగు పేటలు నేడున్న ఆ నగరము రాజధానిగా ఏలిన వీరరుద్రుడు, సూరికి పూర్వుడును శతావధానియునగు మరియొక మల్లినాథుని కనకవర్షముతో సత్కరించెనని వంశీయులు వ్రాసికొనిరి. 1323లో ఓరుగల్లు పతనమయ్యెను. వ్యాఖ్యాతయైన సూరి ఆ తరువాతి కాలమువాడు.

బాల్యమున ఆయన మందబుద్ధియని జనశ్రుతి. వ్యాఖ్యలు చదివినవారికి అది నమ్మ శక్యము కాదు. కాళిదాసు కావ్యత్రయమునకు సంజీవని, భారవికి ఘంటాపథము, మాఘునకు సర్వంకష, నైషధమునకు జీవాతువు ఆయన రచనలు. ఆధారము లేనిది వ్రాయకుండుట, అక్కరలేనిది చెప్పకుండుట ఆయన నియమము.

ఆ నియమమెంత విలువైనదో పరాగశబ్దమున చూడదగును. అమరసింహుడు పూదేనెను మకరందమనియు, పూధూళిని పరాగమనియు వేరుచేసెను. అయినను రఘువంశము నాలుగవ సర్గలో రఘుని దండయాత్రయందు ప్రతాపము, శబ్దము ముందు నడువగా వాని వెనుక వచ్చు పరాగము పూలది కాదు, సేన రేపిన దుమ్ము. సూరి అచ్చట ధూళియనియే అర్థము చెప్పెను. మాఘుని ఆరవ సర్గలో వసంతవర్ణనమందు పద్మములను నింపినది పుప్పొడియే. అచ్చట యమకము కొరకు పరాగము ప్రక్కనే పరాగతశబ్దము నిలిచినది. అజాగరూకుడైన పాఠకుడు రెంటిని ఒకటిగా వినును. రెండవది వ్యాపించినదను అర్థముగల వేరు పదము.

పరాగసంపర్కమను సమాసము నేటి శాస్త్రగ్రంథములది. పరాగకోశమునుండి పుప్పొడి కీలాగ్రమును చేరుటయే దాని అర్థము. సంపర్కమనగా స్పర్శ మాత్రమే. అటుపిమ్మట జరుగు ఫలదీకరణమునకు ఈ మాటను వాడుట తప్పు, విద్యార్థుల వ్రాతలలో ఈ తప్పు తరచుగా కనబడును. పరాగశబ్దము కావ్యములలో ఉన్నది గనుక ఈ శాస్త్రమంతయు పూర్వులెరిగినదే యనువారును కలరు. పుప్పొడి సోకనిదే మొలకెత్తు విత్తనము కలుగదని జర్మనీలో కామెరారియుసు పరీక్షించి ప్రకటించినది 1694లో. పైరెండు తావులలోను సూరి చెప్పినది ధూళి మాత్రమే. లేని శాస్త్రమును ఆయనకంటగట్టుట ఆయన నియమమునకే విరుద్ధము.

ఆయన కుమారుడు కుమారస్వామి, ఓరుగంటి ఆస్థానమున వెలసిన విద్యానాథుని ప్రతాపరుద్రీయమునకు రత్నాపణమను వ్యాఖ్య రచించెను.