ఒకే ఏటి నీళ్ళు: గిడుగు రామమూర్తి పంతులు గారి పోటీ



ఈ నెల ఇంగ్లీషు పేజీలో మీ పిల్లలకు పోటీకి సంబంధించిన మాటలు ఇచ్చాం. కాంపిటీటర్, రైవల్, ఆపొనెంట్, ఎనిమీ. అర్థం రాయమంటే చాలామంది పిల్లలు నాలుగింటికీ శత్రువు అనే రాస్తారు. ర్యాంకుల గురించి పెద్దవాళ్ళం మాట్లాడుకునే తీరు వింటూ పెరిగిన పిల్లలు అలా రాయడంలో వింతేమీ లేదు.

రైవల్ అనే మాట లాటిన్ నుంచి వచ్చింది. మొదట్లో దానికి ఒకే ఏటి నీళ్ళు వాడుకునేవాడని అర్థం. ఒకే కాలవ కింద పొలాలున్న కుటుంబాలకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. తడి కోసం గట్టు మీద కేకలేసుకున్నవాళ్ళే సాయంత్రం ఒకే అరుగు మీద కూర్చుంటారు. కాంపీట్ అనే మాటకైతే మూలార్థం కలిసి వెతకడం. 19వ శతాబ్దంలో జపాన్ రచయిత ఫుకుజావా యుకిచి ఒక ఇంగ్లీషు ఆర్థికశాస్త్ర పుస్తకాన్ని అనువదిస్తూ కాంపిటీషన్‌కి కొత్త మాట కట్టాడు. అందులో కొట్లాటని సూచించే అక్షరం ఉందని ఒక అధికారి అభ్యంతరం చెప్పాడట. అయినా ఆ మాటే నిలిచింది. చైనాలో కూడా పోటీ అనడానికి ఇవాళ ఆ రెండు అక్షరాలే వాడతారు. అంటే అక్కడి పిల్లలకి పోటీ అని రాసిన ప్రతిసారీ కొట్లాట కూడా కంటికి కనబడుతుంది.

ఈ మాటల మధ్య తేడా ఒక మనిషి జీవితంలో చూపించాలంటే మన ప్రాంతంలో గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారిని మించినవారు నాకు తోచలేదు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పటానికి దండ వేయడం పిల్లలందరికీ తెలుసు. ఆయన ఎవరితో, దేనికోసం పోటీపడ్డారో తెలిసినవాళ్ళు తక్కువ.

1863లో శ్రీకాకుళానికి దగ్గర్లో, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. పన్నెండేళ్ళ వయసులో తండ్రి వీర్రాజు గారు పోయారు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకున్నారు. అక్కడ సహాధ్యాయి గురజాడ అప్పారావు గారు. ఒకే బడి నుంచి అలాంటి ఇద్దరు రావడం విజయనగరం చెప్పుకోదగ్గ గొప్ప. ఇద్దరికీ ఇంగ్లీషు మీద మక్కువే. గురజాడ ముందు కావ్యం రాసింది ఇంగ్లీషులోనే. గిడుగు వారిది వేరే దారి. 1879లో మెట్రిక్యులేషన్ పూర్తిచేసి, మరుసటి ఏడాదే ముప్పై రూపాయల జీతానికి పర్లాకిమిడి రాజావారి స్కూల్లో మేష్టారయ్యారు. పై చదువులన్నీ ఉద్యోగం చేస్తూ ప్రైవేటుగా చదివినవే. చరిత్ర పాఠం చెప్పడానికి పుస్తకం ఒక్కటే చాలదనుకుని, శ్రీముఖలింగం గుడి శాసనాలు చదవడం తనంతట తాను నేర్చుకున్నారు.

ఏ పోటీకీ చెందని పని కూడా ఒకటి చేశారు. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలున్నారు. వాళ్ళ భాషకి అప్పటికి పుస్తకం లేదు. తెలుగు వచ్చిన ఒక సవరని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. పాఠాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. ఆ పుస్తకాలను 1911లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసి పారితోషికం ఇవ్వబోతే, తనకు వద్దని, ఆ డబ్బుతో సవరలకు బడి నడపమని కోరారు. కొండల్లో తిరుగుతూ మలేరియా పట్టి, క్వినైన్ వాడకం వల్ల చెవుడు వచ్చింది. ఆ చెవులతోనే ఆ తర్వాత ముప్పై ఏళ్ళు సభల్లో వాదించారు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి.

ఇక అసలు పోటీ. 1906–07 ప్రాంతంలో ఉత్తర జిల్లాల స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషాయన వచ్చారు. తెలుగు నేర్చుకుంటూ, క్లాసులో చదివే తెలుగుకీ బజార్లో వినే తెలుగుకీ ఇంత దూరం ఎందుకుందని మేష్టార్లను అడిగారు. ఇంగ్లీషు పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషకి దగ్గరగానే రాస్తారు కదా మరి. ఆ ప్రశ్న గిడుగు వారిని వదల్లేదు. భాషాశాస్త్రం మీద ఇంగ్లీషులో వచ్చిన పుస్తకాలు తెచ్చుకుని చదివారు. ఇంగ్లీషు చక్కగా నేర్చుకున్న ఫలితంగా తెలుగు వైపు తిరిగిన మనిషి ఆయన. ఇంగ్లీషు కావాలా తెలుగు కావాలా అని మనం కౌన్సెలింగ్ టేబుల్ దగ్గర అడుగుతుంటాం. ఆయనకి ఆ ప్రశ్నే పుట్టినట్టు లేదు.

అప్పట్లో పిల్లవాడు వస్తున్నాడు అని రాస్తే తప్పు. వచ్చుచున్నాడు అని రాయాలి. విషయం తెలిసినా రూపం తప్పితే మార్కులు పోతాయి. ఇంట్లో పండితులున్న పిల్లలకి ఫర్వాలేదు. తండ్రి నాగలి పట్టేవాడో కొట్టు నడిపేవాడో అయితే ఆ పిల్లాడు సొంత భాషలోనే వెనకబడతాడు. గిడుగు వారి పట్టుదలంతా ఆ పిల్లాడి కోసం. 1912–13లో స్కూలు ఫైనల్ వ్యాసం రెండు శైలుల్లో ఎందులోనైనా రాయొచ్చని ఉత్తర్వు వచ్చింది. పండితులు భగ్గుమన్నారు.

ఎదురు నిలిచినవారు సామాన్యులు కారు. జయంతి రామయ్య పంతులు గారు 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపించిన పెద్ద మనిషి. వేదం వేంకటరాయ శాస్త్రి గారు ఉద్దండ పండితులు. మద్రాసు విశ్వవిద్యాలయం సంఘంలో వాదన వాళ్ళవైపే మొగ్గింది. 1914లో గురజాడ తన అసమ్మతిని పెద్ద పత్రంగా రాసి ఇచ్చారు. 1915 నవంబరులో ఆయన కన్నుమూశారు. పక్కనున్న స్నేహితుడు పోయాడు, పరీక్షల్లో వాడుక తెలుగుకి దొరికిన అనుమతీ పోయింది.

గిడుగు వారు అప్పుడు చేసిన పని మీద కాస్త ఆగాలి. అవతలివాళ్ళని దూషించడం కంటే వాళ్ళ పుస్తకాలను వాళ్ళకంటే శ్రద్ధగా చదవడం మీద ఎక్కువ కాలం గడిపారు. పాత వ్యాకరణాలు, కావ్యాలు, శాసనాలు తిరగేసి, గ్రాంథికమే రాయాలని పట్టుబట్టేవాళ్ళ రచనల్లోనే ఆ నియమాలు ఎక్కడెక్కడ తప్పాయో వరసగా చూపించారు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం అనే పుస్తకం అలా తయారైంది. పేరులో వెటకారం ఉంది, ఒప్పుకోవాలి. పంతులు గారి నాలుక మెత్తనిదేమీ కాదు. కానీ లోపలంతా సాక్ష్యమే. వేదం వారు తమ నాటకం ప్రతాపరుద్రీయంలో పాత్రల చేత వాడుక మాటలు పలికించారన్నది కూడా ఈ వాదానికి పనికొచ్చింది. 1919లో తెలుగు అనే మాసపత్రిక పెట్టారు. ఏడాదికే ఆగిపోయింది.

1924లో పరిషత్తు వ్యావహారికం మీద నిషేధం ఎత్తేసింది. 1925లో తణుకు సభలో గిడుగు వారు గంటల తరబడి మాట్లాడారు. విశ్వనాథ సత్యనారాయణ, తల్లావజ్ఝల శివశంకర శాస్త్రి వంటివారు ఆయనవైపు నిలిచారు. గెలిచారని కొందరంటారు. పాఠ్యపుస్తకాలు మాత్రం ఆయన జీవితకాలంలో మారలేదు. ఇక ఓడిన పక్షం సంగతి. సూర్యరాయాంధ్ర నిఘంటువు ఆ పరిషత్తు తలపెట్టి తెచ్చినదే. ఇవాళ తెలుగు మాటకి అర్థం వెతికేవాళ్ళు, వాడుక భాష మనుషులు సహా, దాన్నే తెరుస్తారు. ఇద్దరి చేలకీ నీళ్ళు ఒకే ఏటివి.

ఆయనకి అంతకంటే గట్టి దెబ్బ భాషావాదంలో తగల్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్ళింది. దాన్ని వ్యతిరేకించిన పంతులు గారు, యాభై ఏళ్ళకు పైగా ఉన్న ఊరు వదిలి, డెబ్భై రెండేళ్ళ వయసులో రాజమహేంద్రవరం చేరారు. వంశధార నీళ్ళ మీద ఆ రెండు రాష్ట్రాల తగవు మన కాలం దాకా సాగింది.

1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికల వాళ్ళని కలిసి, జనం మాట్లాడే తెలుగులో రాయమని మరోసారి విన్నవించుకున్నారు. సరిగ్గా వారానికి, జనవరి 22న కన్నుమూశారు.