చెయ్యి పందెం కాసి నేర్చుకున్నాడు

మా ఇంట్లో ఒక మాండొలిన్ ఉంది. నేను డిగ్రీ చదివే రోజుల్లో, మన పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్ కచేరీ విని ముచ్చటపడి నాన్న కొనిపెట్టారు. రెండేళ్ళు నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక సారె సామానుతో పాటు అదీ నా వెంట వచ్చింది. వచ్చిన నెలకే అటకెక్కింది. ఏటా దసరాకి దించి, దుమ్ము తుడిచి, బొమ్మల కొలువులో సరస్వతీదేవి పక్కన నిలబెడతాను. మీరు వాయిస్తారా అని పేరంటాళ్ళు అడిగితే, ఇదివరకు వాయించేదాన్ని అని చెప్పి పసుపు కుంకుమ పళ్ళెం అందుకుంటాను. పండగ వెళ్ళగానే అది మళ్ళీ అటక మీదికే.

మొన్న దసరాకి కొలువు సర్దుతుంటే మా అమ్మాయి ఫోన్లో ఒక పాట పెట్టింది. మాండొలిన్ మోగినట్టే ఉంది గానీ, గొంతు బొంగురు. అది బుజూకీ అనే గ్రీకు వాద్యమట. మాండొలిన్‌కి ఒక స్థాయి కింద పలికే ఆక్టేవ్ మాండొలిన్ అక్క అనుకుంటే, ఈ బుజూకీ మేనత్త కూతురు. చీల్చిన బేరిపండులాంటి బుర్ర, సన్నగా పొడుగాటి మెడ, జంటలు జంటలుగా తీగలు. ఆ పాడుతున్నాయన మార్కోస్ వంవకారిస్. ఆయన సంగతి తెలుసుకున్నాక ఆ మాండొలిన్ కేసి చూడాలంటే నాకు కొంచెం సిగ్గేసింది. ఎందుకో మీరే వినండి.

మార్కోస్ 1905లో ఏజియన్ సముద్రంలోని సీరోస్ దీవిలో పుట్టాడు. కొండమీది ఆనో సీరోస్ ఆ ఊరి పేరు. బీద కాథలిక్కు కుటుంబం. ఆరుగురు పిల్లల్లో తనే పెద్ద. తండ్రి పండగలకి తోలుతిత్తి వాద్యం ఊదుతుంటే, పిల్లవాడు పక్కన కూర్చుని చిన్న డప్పు వాయించేవాడు. సంగీతం ఉంది గానీ తిండికి చాలదు కదా. ఎనిమిదేళ్ళ ప్రాయంలోనే బడి మానేసి, తల్లి ఎల్పీడా వెంట నూలు మిల్లులో పనికి పోయాడు. పేపర్లు అమ్మాడు, కొట్లలో చిల్లర పనులు చేశాడు. పన్నెండో ఏట, 1917లో, ఓడెక్కి ఒంటరిగా పిరేయస్ రేవుకి చేరాడు. అక్కడ ఓడలకి బొగ్గు మోశాడు. తర్వాత పశువుల వధశాలలో చర్మాలు ఒలిచే పని.

అప్పటి పిరేయస్ అంటే కష్టజీవుల ఊరు. 1922 యుద్ధంలో గ్రీసు ఓడిపోయాక టర్కీ వైపు నుంచి పది లక్షలకి పైగా శరణార్థులు కట్టుబట్టలతో వచ్చిపడ్డారు. వాళ్ళలో చాలామంది ఈ రేవు చుట్టూ రేకుల గుడిసెల్లో తలదాచుకున్నారు. వాళ్ళ పాటలూ, రేవు కూలీల పాటలూ కలిసి రెబెతికో అనే సంగీతం రూపు కట్టింది. అది మోగింది సభల్లో కాదు, సారా కొట్లలో, హషీష్ పీల్చే చీకటి గదుల్లో. అందుకే పరువుగల ఇళ్ళవాళ్ళకి బుజూకీ పేరెత్తితేనే ఏవగింపు. పోలీసులు కనబడితే వాద్యం విరగ్గొట్టేవారు. కోటు లోపల దాచుకోవచ్చని బగ్లమాస్ అనే పిల్ల బుజూకీని వాడేవారు.

మార్కోస్‌కి ఇరవై ఏళ్ళు వస్తున్నాయనగా, నీకోస్ ఐవాలియోతీస్ అనే ఆయన బుజూకీ వాయించగా విన్నాడు. అంతే, మతి పోయింది. ఆరు నెలల్లో తనకి బుజూకీ రాకపోతే వధశాలలో మాంసం కొట్టే కత్తితో తన చెయ్యి తనే నరుక్కుంటానని ఒట్టు పెట్టుకున్నాడు. పగలు చర్మాలు ఒలిచిన చేత్తోనే రాత్రి మెట్ల మీద సాధన. ఆరు నెలలకి చెయ్యి దక్కింది, వాద్యమూ దక్కింది.

అప్పట్లో బుజూకీకి మూడు జతల తీగలే. మన లెక్కలో చెప్పాలంటే స-ప-స. తంబురా శ్రుతి ఎరిగిన మనకి ఇదేం కొత్త కాదు. దానిమీద ఒకే తీగన పాట నడుస్తుంటే, మిగతావి కింద శ్రుతి పట్టుకుని ఉంటాయి. 1933లో ఆయన రికార్డులు రావడం మొదలయ్యాయి. గ్రీసులో బుజూకీని ముందు నిలబెట్టి చేసిన తొలి రికార్డుల్లో అవీ ఉన్నాయి. 1934లో బాతిస్, స్త్రాతోస్, దెలియాస్‌లతో కలిసి నలుగురి జట్టు కట్టాడు. 1935లో తన దీవి కాథలిక్కు పిల్లమీద కట్టిన ఫ్రాంగోసిరియాని పాట రికార్డుకెక్కింది. నేను మొన్న విన్నది అదే.

ఇదంతా చదువుతూ నేనొక చోట ఆగిపోయాను. పడుచుతనంలోనే చేసుకున్న మొదటి పెళ్ళి నిలవలేదు. పగలల్లా వధశాల, రాత్రల్లా బుజూకీ, మత్తు. ఆ ఇంట్లో దీపం పెట్టుకుని ఎదురుచూసిన మనిషి మాట ఏమిటి? ఆయన తన జీవితం తను చెప్పుకున్నాడు గానీ, ఆవిడ కథ ఆవిడ నోట మనదాకా రాలేదు. మగవాడు పంతం పడితే సాధన అంటారు. ఆడది గంటసేపు తలుపేసుకుని తీగ మీటితే ఇల్లు పట్టదంటారు. ఈ మాట అనకుండా ఆయన్ని పొగడబుద్ధి కాలేదు నాకు.

1936లో మెటాక్సాస్ నియంత పాలన వచ్చి పాటల మీద సెన్సారు పెట్టింది. ఆ తర్వాత జర్మన్ల ఆక్రమణ, 1941-42 చలికాలంలో ఘోరమైన కరువు. 1942లో మళ్ళీ పెళ్ళి చేసుకుని పిల్లల తండ్రి అయ్యాడు. యుద్ధం అయ్యేసరికి కాలం మారింది. 1950లలో మనోలిస్ హియోతిస్ నాలుగు జతల తీగల బుజూకీకి పేరు తెచ్చాడు. వేళ్ళు గిటారు మీదిలా పరుగెత్తసాగాయి. మార్కోస్ మాత్రం తన మూడు జతలతోనే ఉండిపోయాడు. దానికి తోడు కీళ్ళవాతం. కత్తికి తప్పిన వేళ్ళు జబ్బుకి బిగుసుకున్నాయి. చిన్నచిన్న హోటళ్ళలో వాయించి పొట్టపోసుకున్నాడు.

1960లో సిత్సానిస్ పూనికతో బితికోత్సిస్ అనే గాయకుడు ఆ పాత పాటలు పాడాడు. జనం పోల్చుకున్నారు, మార్కోస్‌ని వెతుక్కుంటూ వచ్చారు. 1972 ఫిబ్రవరి 8న ఆయన కన్నుమూశాడు. చివరి రోజుల్లో చెప్పుకున్న ఆత్మకథని ఆంగెలికీ వెల్లూ-కైల్ అనే ఆవిడ కూర్చి 1973లో పుస్తకంగా తెచ్చింది. కోటు చాటున దాగిన ఆ సంగీతాన్ని 2017లో యునెస్కో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. ఆనో సీరోస్‌లో ఆయన పేర చిన్న మ్యూజియం ఉంది.

ఆయనకి పోలీసుల భయం, ఆకలి, లోకం ఈసడింపు ఉన్నాయి. నా మాండొలిన్‌కి అడ్డం వచ్చింది ఎవరు? అత్తగారు వద్దనలేదు, మావారు కాదనలేదు. పిల్లల పరీక్షలు, పచ్చళ్ళ రోజులు, వచ్చేపోయే చుట్టాలు అంటూ నేనే వాయిదా వేశాను. వస్తువుని ఇంట్లో ఉంచుకోవడం వేరు, అది మనదవడం వేరు.

కొలువు ఎత్తేసిన రోజు బొమ్మలన్నీ పెట్టెలో పెట్టాను గానీ మాండొలిన్‌ని అటకెక్కించలేదు. తుప్పు పట్టిన ఎనిమిది తీగలూ తీసేసి కొత్తవి వేయించాను. మధ్యాహ్నం గిన్నెలు సర్దాక అరగంట నాది. వేళ్ళ చివర్లు కమిలాయి. సరళీ స్వరాలే తప్పులు పోతున్నాయి. నేనేం చెయ్యి పందెం కాయలేదు లెండి. ఆ చేత్తో సాయంత్రం వంట చేయాలి కదా!