రాబర్టు టర్లింగ్టన్ నోబుల్

రాబర్టు టర్లింగ్టన్ నోబుల్ (1809 - 1865) కృష్ణా జిల్లా మచిలీపట్నం (బందరు)లో ఆంగ్ల విద్యకు పునాది వేసిన ఆంగ్లేయ ఉపాధ్యాయుడు, క్రైస్తవ మతప్రచారకుడు.

జీవితము

నోబుల్ ఇంగ్లాండులోని లీసెస్టర్‌షైరులో ఒక మతాచార్యుని కుమారునిగా జన్మించాడు. కేంబ్రిడ్జిలోని సిడ్నీ ససెక్స్ కళాశాలలో విద్యాభ్యాసం చేశాడు. 1841లో సహచరుడు హెన్రీ వాట్సన్ ఫాక్సుతో కలిసి బందరు చేరి తెలుగు నేర్చుకొన్నాడు. ఫాక్సు ఊరూరా తిరిగి బోధించగా, నోబుల్ 1843లో పాఠశాల తెరచి పట్టణంలోనే స్థిరపడ్డాడు.

పట్టణముతో సంబంధము

అగ్రవర్ణ కుటుంబాల పిల్లలను ఆకర్షించటానికి ఆయన పాఠశాలలో కులభేదాలను పాటించి, పంచములకు ప్రవేశం నిరాకరించాడు. ఈ విధానం మిషనరీలలోనే విమర్శకు గురి అయింది. అంత చేసినా పట్టణవాసుల నమ్మకం నిలువలేదు. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవ మతం స్వీకరించగా తల్లిదండ్రులు ఆగ్రహించి పిల్లలను మాన్పించారు. పాఠశాల దాదాపు ఖాళీ అయింది. నోబుల్ మాత్రం ఊరు విడువలేదు. క్రమంగా విద్యార్థులు తిరిగి చేరారు.

చివరి దశ

1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచెత్తిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారు. మరుసటి సంవత్సరం అక్టోబరులో నోబుల్ బందరులోనే కన్నుమూశాడు. ఆయన అవివాహితుడు. 24 సంవత్సరాలలో ఒక్కసారైనా స్వదేశానికి వెళ్ళలేదు. ఆయన నెలకొల్పిన పాఠశాల తరువాత నోబుల్ కళాశాలగా ప్రసిద్ధి చెందింది.