పైలట్ల పొరపాట్ల నుంచి మౌస్ దాకా: పాల్ ఫిట్స్ జీవితం

మన పాఠకుల్లో చాలామంది పొద్దున లేచింది మొదలు సాఫ్ట్‌వేర్ రాస్తూనో, ఇంకొకరు రాసినదాన్ని పరీక్షిస్తూనో గడిపేవారే. డెస్క్‌టాప్ అప్లికేషన్లకు తెరలు తయారుచేసిన వారికి ఒక రకం ఫిర్యాదులు బాగా పరిచయం. సేవ్ నొక్కబోయి డిలీట్ నొక్కామనీ, మెనూ అందేలోపే మూసుకుపోతోందనీ వాడేవాళ్ళు మొత్తుకుంటారు. కాస్త చూసుకుని నొక్కచ్చు కదా అని మనం లోలోపల విసుక్కుంటాం. ఆ విసుగు న్యాయం కాదని, విండోలూ మెనూలూ ఇంకా పుట్టకముందే లెక్కలతో సహా చూపించిన వ్యక్తి పాల్ ఫిట్స్. ఫిట్స్ అనగానే మనకు మూర్ఛజబ్బు గుర్తుకొస్తుంది గానీ, ఇది ఆయన ఇంటిపేరు. ఆయన కంప్యూటర్ నిపుణుడు కాదు, మనస్తత్వ శాస్త్రవేత్త. ఆయన 1965లో పోయారు. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌ను సభలో అందరి ముందూ వాడి చూపించింది 1968లో. అయినా మౌస్ పట్టుకున్న ప్రతి చెయ్యీ ఫిట్స్ చెప్పిన సూత్రం ప్రకారమే కదులుతుంది.

పాల్ మోరిస్ ఫిట్స్ 1912లో పుట్టారు. టెనెసీ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రం చదివి, బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ చేసి, 1938లో రోచెస్టర్ నుంచి డాక్టరేట్ పొందారు. తిరిగి టెనెసీకే వెళ్ళి అధ్యాపకుడయ్యారు. రెండో ప్రపంచ యుద్ధం రాకపోతే ఆ పాఠాలు చెప్పుకుంటూనే ఉండేవారేమో. యుద్ధం ఆయన్ని అమెరికా సైనిక వైమానిక దళంలోకి తీసుకువెళ్ళింది. 1945లో ఒహైయో రాష్ట్రంలో డేటన్ దగ్గరి రైట్ ఫీల్డ్‌లో ఉన్న ఏరో మెడికల్ ప్రయోగశాలలో మనస్తత్వ విభాగానికి అధిపతి అయ్యారు.

ఆ ప్రయోగశాలను అప్పటికే ఒక చిక్కు ప్రశ్న వేధించింది. బి-17 బాంబర్లు యుద్ధం నుంచి క్షేమంగా తిరిగొచ్చి, రన్‌వే మీద చక్కగా దిగి, ఆ తర్వాత ఉన్నట్టుండి పొట్ట మీద కూలబడేవి. రెక్కల వెనక ఉండే ఫ్లాపులను ఎత్తబోయిన పైలట్ చక్రాలను ఎత్తేసేవాడు. రికార్డుల్లో పైలట్ తప్పు అని రాసి ఫైలు మూసేసేవారు. ఆల్ఫోన్స్ చపానిస్ అనే యువ శాస్త్రవేత్త కాక్‌పిట్‌లోకి వెళ్ళి చూస్తే, రెండు మీటలూ పక్కపక్కనే, ఒకే ఆకారంలో ఉన్నాయి. చక్రాల మీటకు చిన్న చక్రం లాంటి పిడి, ఫ్లాపుల మీటకు రెక్క ముక్క లాంటి పిడి తగిలించమన్నారు. చేత్తో తడిమితేనే తేడా తెలిసిపోతుంది. ఈ పద్ధతి తర్వాత విమానాల తయారీలో స్థిరపడింది.

ఫిట్స్ ఈ ఆలోచనను ఒక విమానం దగ్గర ఆపలేదు. రిచర్డ్ జోన్స్‌తో కలిసి పైలట్ల నుంచి పొరపాట్ల అనుభవాలు సేకరించి, 1947లో 460 సంఘటనల విశ్లేషణ ప్రచురించారు. వాటిలో దాదాపు సగం ఒక మీట బదులు ఇంకొకటి కదిపినవే. కారణం వెతికితే దొరికింది. బి-25 విమానంలో థ్రాటిల్, ప్రొపెల్లర్, మిశ్రమం మీటలు ఒక వరసలో ఉంటే, సి-47లో ఇంకో వరసలో, సి-82లో మరో వరసలో ఉన్నాయి. విమానం మారిన పైలట్ చెయ్యి పాత అలవాటునే అనుసరించింది. అజాగ్రత్త అని పేరు పెట్టిన తప్పుల్లో చాలావాటిని పరికరాన్ని సరిగ్గా తయారుచేస్తే తప్పించవచ్చని ఆ నివేదిక సారాంశం.

ఇది మన డైలాగ్ బాక్సుల కథే. విండోస్‌లో సాధారణంగా ఓకే ముందు, క్యాన్సిల్ తర్వాత వస్తాయి. మ్యాక్‌లో క్యాన్సిల్ ముందు, ఓకే కుడి చివర ఉంటాయి. ఒకే ప్రోగ్రామ్‌ను రెండింటికీ రాసేటప్పుడు బటన్ల వరస ఆ సిస్టమ్ ఆనవాయితీకి వదిలేయడం మంచిది. అలాగే సేవ్, డిలీట్ బొమ్మలను ఒకే సైజులో, ఒకే రంగులో, పక్కపక్కన పెడితే బి-17 మీటలను మళ్ళీ తయారుచేసినట్టే.

1949లో ఫిట్స్ ఒహైయో స్టేట్ విశ్వవిద్యాలయానికి మారారు. విమాన రాకపోకల నియంత్రణ మీద ఆయన సంపాదకత్వంలో 1951లో వచ్చిన నివేదికలో, మనిషి బాగా చేసే పనులేవి, యంత్రం బాగా చేసేవేవి అని ఒక పట్టిక ఉంది. ఆటోమేషన్ గురించి రాసేవారు దాన్ని ఇప్పటికీ ప్రస్తావిస్తారు.

ఆయన పేరు నిలబెట్టింది మాత్రం 1954లో ప్రచురించిన ప్రయోగం. 16 మందిని కూర్చోబెట్టి, బల్ల మీద రెండు లోహపు పలకలు పెట్టి, చేతిలోని పుల్లతో ఒకదాని తర్వాత ఒకటి వీలైనంత త్వరగా తాకమన్నారు. పలకల మధ్య దూరం 2 అంగుళాల నుంచి 16 దాకా, పలక వెడల్పు 2 అంగుళాల నుంచి పావు అంగుళం దాకా మార్చి చూశారు. క్లాడ్ షానన్ 1948లో టెలిఫోను తీగల కోసం చెప్పిన సమాచార సిద్ధాంతాన్ని చేతి కదలికకు అన్వయించారు. తేలిందేమిటంటే, పట్టే సమయం దూరాన్ని వెడల్పుతో భాగించిన విలువ లాగరిథమ్‌ను బట్టి పెరుగుతుంది. మామూలు మాటల్లో, దూరం రెట్టింపు చేసినా, గురిని సగానికి తగ్గించినా ఆలస్యం ఒకేలా పెరుగుతుంది. రెండూ కలిపి రెట్టింపు చేస్తే సమయం మారదు.

1958లో ఆయన మిషిగన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 1962-63లో హ్యూమన్ ఫ్యాక్టర్స్ సొసైటీకి అధ్యక్షుడిగా ఉన్నారు. 1965 మే నెలలో, 53 ఏళ్ళయినా నిండకముందే, హఠాత్తుగా మరణించారు. మైకేల్ పోస్నర్‌తో కలిసి రాసిన పుస్తకం ఆయన పోయాక 1967లో వెలువడింది. ఏ పనైనా మొదట ఆలోచించి చేస్తాం, తర్వాత సరిదిద్దుకుంటూ చేస్తాం, చివరికి ఆలోచన లేకుండానే చేతులు చేసేస్తాయని అందులో మూడు దశలు చెప్పారు. కొత్త వెర్షన్‌లో మెనూలు అటూ ఇటూ మార్చితే ఏళ్ళుగా వాడుతున్నవారే ఎక్కువ కోప్పడడానికి కారణం ఇదే. వారు మూడో దశ నుంచి మొదటి దశకు జారిపోతారు.

ఆయన సూత్రం కంప్యూటర్ల దగ్గరికి వచ్చింది 1978లో. జిరాక్స్ పార్క్‌లో స్టువర్ట్ కార్డ్, విలియం ఇంగ్లిష్, బెట్టీ బర్ మౌస్‌ను, జాయ్‌స్టిక్‌ను, కీలను పోల్చి చూశారు. మౌస్ అన్నిటికన్నా వేగంగా తేలింది. మౌస్ వేగానికి హద్దు పెడుతున్నది ఆ పరికరం కాదు, మనిషి కన్నూ చెయ్యీ అని కూడా తెలిసింది.

ఆ సూత్రంతో డెస్క్‌టాప్ చిక్కులు ఎన్నో విడిపోతాయి. పాయింటర్ తెర అంచు దాటి పోదు కాబట్టి అంచున ఉన్న గురి ఎంతో లోతైనదిగా పనిచేస్తుంది. 1984 నాటి మెకింటాష్ మెనూలు తెర పైఅంచున ఉన్నందువల్ల కలిగిన లాభం అదే. విండోస్ 95లో స్టార్ట్ బటన్ మూలన ఉన్నా, చుట్టూ సన్నని ఖాళీ వదిలారు. మూలకంటా తోసి నొక్కితే పనిచేసేది కాదు. తర్వాతి వెర్షన్లలో సరిచేశారు. ఆఫీస్ 2007లో ఎంచుకున్న అక్షరాల పక్కనే చిన్న టూల్‌బార్ తేలడం దూరం తగ్గించే ఉపాయం. చెక్‌బాక్స్ పక్కన ఉన్న మాట మీద నొక్కినా పనిచేసేలా చేస్తే గురి పెద్దదవుతుంది. బటన్ కొలతలను పిక్సెళ్ళలో బిగించేస్తే, ఎక్కువ రెజల్యూషన్ ఉన్న తెర మీద అవి ఆవగింజలైపోతాయి. తెర స్కేలింగ్‌ను బట్టి పెరగనివ్వాలి. ఉపమెనూకు ఐమూలగా వెళ్ళే పాయింటర్ దారిలో ఇంకో వరసను తాకితే మెనూ మూసుకుపోతుంది. మూసేముందు క్షణంలో కొంత భాగం ఆగేలా టైమర్ పెడితే ఆ ఫిర్యాదు తగ్గిపోతుంది.

హ్యూమన్ ఫ్యాక్టర్స్ సొసైటీ ఈ రంగంలో బాగా బోధించే ఆచార్యులకు ఫిట్స్ పేరిట పురస్కారం ఏర్పాటు చేసింది. మనం ఆయనకు చెల్లించదగిన గౌరవం ఇంకా సులువైనది. వాడేవారి తప్పు అని రాసి ఒక బగ్‌ను మూసేసేముందు, ఆ బటన్ ఎంత పెద్దదో, ఎంత దూరంలో ఉందో, దాని పక్కన ఏముందో ఒకసారి చూడాలి. ఆ 460 సంఘటనలనూ ఆయన చదివిన తీరు అదే.