మసకలో నక్షత్రములను చూచిన విలియం హెర్షెల్

మే, జూన్ నెలలలో వెన్నెల లేని నడిరేయి ఆరుబయట నిలిచి తల పైకెత్తి చూడుడి. నడినెత్తికి కొంచెము ఉత్తరముగా హెర్క్యులిస్ అను నక్షత్రరాశి యుండును. అందులో చూపు చురుకైనవారికి పొగమరకవంటి చిన్న మసక యొకటి కానవచ్చును. 1714లో ఎడ్మండ్ హాలీ దీనిని కనుగొనెను. 1764లో ఫ్రాన్సు దేశస్థుడైన షార్ల్ మెస్యే దీనిని చూచి, ఇందులో నక్షత్రమేదియు లేదని తలంచెను. ఆ మసకను నక్షత్రములుగా విడదీసి చూచినవాడు విలియం హెర్షెల్.

ఆయన 1738 నవంబరు 15న జర్మనీలోని హానోవరు పట్టణములో, సైనిక వాద్యకారుని యింట జన్మించెను. 1757లో బ్రతుకుతెరువు వెదకుకొనుచు ఇంగ్లండు చేరెను. సంగీతము నేర్పి జీవించుచు, బాత్ పట్టణమందలి ఆక్టగన్ చాపెలులో ఆర్గను వాయించువాడాయెను. పగలు సంగీత పాఠములు, రాత్రి ఆకాశము.

మంచి దూరదర్శిని కొనుటకు సొమ్ము చాలక, లోహపు అద్దములను తానే పోతపోసి అరగదీసెను. ఒకమారు 16 గంటలు చేయి తీయక మెరుగుపెట్టుచుండగా, చెల్లెలు కారొలైన్ ఆహారమును ముద్దముద్దగా నోటికందించెను. 1781 మార్చి 13న ఆయన యురేనస్ గ్రహమును కనుగొనెను. మరుసటి యేట మూడవ జార్జి రాజు ఏటికి 200 పౌనుల జీతమేర్పరచగా సంగీతవృత్తి మానెను.

అటుపిమ్మట రైతు పొలమును చాళ్లు చాళ్లుగా దున్నినట్లు, 20 అడుగుల దూరదర్శినితో ఆకాశమును వరుసగా వెదకెను. అన్న చూచి చెప్పగా చెల్లెలు దీపమునొద్ద కూర్చుండి వ్రాసెను. 1783 డిసెంబరు 31 రాత్రి మబ్బు విడినందున అన్న తొందరపెట్టెను. ఆమె మంచులో పరుగెత్తి జారి, ఇనుపకొక్కెముపై పడి తొడకు గాయపడెను. కోలుకొని మరల అదే పనికి వచ్చెను.

ఇట్లు సుమారు 2,500 మసకలును గుచ్ఛములును పట్టికకెక్కెను. నడుమ దట్టముగా, అంచున పలుచగా, బంతివలె గుమిగూడిన నక్షత్రములను ఆయన 1789లో గోళాకార గుచ్ఛములని పిలిచెను. హెర్క్యులిస్ గుచ్ఛములో కొన్ని లక్షల నక్షత్రములున్నవనియు, వాటి వెలుగు మనలను చేరుటకు ఇరువది వేలకు పైగా సంవత్సరములు పట్టుననియు నేడు తెలియుచున్నది.

మసకలన్నియు దూరపు నక్షత్ర సమూహములేయని హెర్షెల్ ఒకప్పుడు నమ్మి ప్రకటించెను. అయితే 1790 నవంబరులో ఒక నక్షత్రము చుట్టు నిజముగా మేఘమువంటి కాంతి కానవచ్చెను. కన్ను చూచినదానిని ఆయన త్రోసివేయలేదు. తన అభిప్రాయమే తప్పని 1791లో పండితులందరి యెదుట ఒప్పుకొనెను. 1822 ఆగస్టు 25న, 83 ఏండ్ల వయస్సున మరణించెను.

ప్రియ చదువరులారా, ఒక్క చూపునకు మరకయని తోచినది ఓపికతో చూడగా నక్షత్రములాయెను. పొరుగువానిగూర్చి తొందరపడి తీర్పు చెప్పక మరియొకమారు చూతము. తప్పు మనదని తెలిసినయెడల, హెర్షెల్ వలె సిగ్గుపడక ఒప్పుకొందము.