ఉప్పునీటిలో నిలబడ్డ జిమ్మీ

పెంచుకుంటున్న కుక్కకు ఈసీజీ తీయించమని పశువైద్యులు చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. మనుషులకు చేసే పరీక్ష కుక్కకెందుకని అడుగుతారు. నిజానికి ఈ పరీక్ష తొలిరోజుల నుంచీ కుక్కలు దాని పక్కనే ఉన్నాయి. ఛాతీ తెరవకుండా మనిషి గుండె విద్యుత్తును మొదటిసారి నమోదు చేసిన శాస్త్రవేత్త అగస్టస్ డిజైర్ వాలర్. ఆయన పెంచుకున్న బుల్‌డాగ్ పేరు జిమ్మీ.

వాలర్ 1856లో పారిస్‌లో పుట్టారు. తండ్రి అగస్టస్ వోల్నీ వాలర్ కూడా పేరున్న శాస్త్రవేత్తే. తెగిన నరం ఎలా క్షీణిస్తుందో వివరించింది ఆయనే. ఎంబీబీఎస్‌లో మేం ఇప్పటికీ దాన్ని వాలేరియన్ డీజెనరేషన్ అనే చదువుకుంటాం. కొడుక్కి 14 ఏళ్లప్పుడు తండ్రి చనిపోయారు. తర్వాత ఆ అబ్బాయి స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో వైద్యం చదివి, జర్మనీలోని లైప్‌జిగ్‌లో కార్ల్ లుడ్విగ్ దగ్గర పరిశోధన నేర్చుకున్నారు. లండన్ వచ్చి మహిళల వైద్య కళాశాలలో ఫిజియాలజీ పాఠాలు చెప్పేటప్పుడు ఆలిస్ పామర్ అనే విద్యార్థిని పరిచయమైంది. హంట్లీ అండ్ పామర్స్ బిస్కెట్ల కంపెనీ కుటుంబం వాళ్లది. 1885లో పెళ్లయింది. ఆలిస్ ఇంటికే పరిమితం కాలేదు, భర్తతో కలిసి ప్రయోగాలు చేశారు. డబ్బుకు లోటు లేదు కాబట్టి ఇంట్లోనే ప్రయోగశాల ఉండేది, కుక్కలూ ఉండేవి.

గుండె కొట్టుకున్నప్పుడల్లా సన్నని విద్యుత్తు పుడుతుందన్నది అప్పటికే తెలుసు. వాలర్ పుట్టిన 1856లోనే కప్ప గుండెలో దాన్ని కనిపెట్టారు. అయితే అది చూడాలంటే ఛాతీ తెరవాలి. ఆ కాలపు ఫిజియాలజిస్టుల్లాగే వాలర్ కూడా జంతువులను కోసి ప్రయోగాలు చేసినవారే. కానీ ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. మన ఒళ్లంతా ఉప్పు కలిసిన ద్రవమే కదా! ఉప్పునీటిలో విద్యుత్తు పారుతుంది. అలాంటప్పుడు గుండెలో పుట్టిన విద్యుత్తు చర్మం దాకా రావాలి. మరి కోత ఎందుకు?

అప్పట్లో లిప్‌మన్ ఎలక్ట్రోమీటర్ అనే పరికరం ఉండేది. వెంట్రుకంత సన్నని గాజు గొట్టంలో పాదరసం, దాని మీద సల్ఫ్యూరిక్ ఆమ్లం. విద్యుత్తు తగిలితే పాదరసం అంచు కాస్త కదులుతుంది. దాని మీద వెలుతురు పడేలా చేసి, ఆ నీడను కదిలే ఫొటో ప్లేటు మీద పట్టాలి. ప్లేటు కదలడానికి వాలర్ దాన్ని పిల్లలు ఆడుకునే రైలు బండికి అమర్చారు. 1887లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రి వైద్య కళాశాలలో, థామస్ గాస్వెల్ అనే ల్యాబ్ సహాయకుడి ఛాతీకి ముందూ వెనకా ఎలక్ట్రోడ్లు పెట్టి గుండె గీతను తీశారు. ఇవాళ మా వార్డులో నిమిషాల్లో చేతికొచ్చే ఈసీజీ కాగితానికి అదే మొదలు.

తర్వాత ఛాతీ దాకా వెళ్లాల్సిన పని కూడా లేదని తేల్చారు. చేతులు, కాళ్లు, చివరికి నోటి నుంచి కూడా సంకేతం అందుతుందని చూపించారు. ఉప్పునీళ్లున్న పాత్రల్లో చెయ్యో కాలో ముంచి, ఆ నీటి నుంచి పరికరానికి తీగ కలిపితే చాలు. 1889లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో శాస్త్రవేత్తల సమావేశంలో దీన్ని ప్రదర్శించినప్పుడు చూసినవారిలో హాలెండ్ యువ ఆచార్యుడు విలెమ్ ఐంథోవెన్ ఉన్నారు. ఆయన గురించి మళ్లీ చెబుతాను.

1909లో లండన్ రాయల్ సొసైటీ సందర్శకుల కార్యక్రమానికి వాలర్ జిమ్మీని తీసుకెళ్లారు. ముందుకాలు ఒకటి, వెనకకాలు ఒకటి ఉప్పునీటి గాజు పాత్రల్లో పెట్టి జిమ్మీ కదలకుండా నిలబడింది. దాని గుండె కొట్టుకుంటుంటే పరికరంలో కదలిక కనిపించింది. ఈ సంగతి పత్రికల్లో రావడంతో జంతుహింస జరిగిందంటూ బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్న లేచింది. 1876 నాటి జంతుహింస చట్టాన్ని అతిక్రమించారా, మెడకు పదునైన మేకుల పట్టీ ఎందుకు బిగించారు అన్నది అనుమానం. హోంమంత్రి విచారించి సమాధానమిచ్చారు. పట్టీ అంటే ఇత్తడి బొడిపెల కాలర్. పాత్రల్లో ఉన్నది మామూలు ఉప్పు కలిపిన నీళ్లు. సముద్రపు ఒడ్డున నీళ్లలో కాళ్లు తడుపుకొన్నవారికి ఆ కుక్క పడ్డ బాధ ఏపాటిదో తెలిసే ఉంటుందని ఆయన చురక కూడా వేశారు. నాకు మాత్రం ఆ ప్రశ్న అడిగిన సభ్యుడి మీద కోపం రాదు. జంతువు మాట్లాడలేదు కాబట్టి దాని తరఫున ఎవరో ఒకరు అడగాల్సిందే.

జిమ్మీ నేర్పేది ఇదే. నొప్పి పెట్టకుండా, కదలకుండా ఉన్నప్పుడు గమనిస్తే కుక్క గుండె చాలా సంగతులు బయటపెడుతుంది. ఇంట్లో పెద్ద వయసు కుక్క ఉన్నవాళ్లకు ఇది ఎంతో ముఖ్యం. మనుషుల్లో గుండె జబ్బు అనగానే రక్తనాళం మూసుకుపోవడం గుర్తొస్తుంది. కుక్కల్లో అది అరుదు. వయసు మీద పడిన చిన్న జాతి కుక్కల్లో ఎక్కువగా మైట్రల్ కవాటం మందంగా మారి సరిగా మూసుకోదు, రక్తం వెనక్కి కారుతుంది. డాబర్‌మ్యాన్ వంటి పెద్ద జాతుల్లో గుండె కండరం బలహీనపడి సాగిపోవడం ఎక్కువ. వాకింగ్‌కు వెళ్తే సగం దారిలో కూర్చోవడం, రాత్రిపూట దగ్గు, ఉన్నట్టుండి సోలిపోవడం, పొట్ట ఉబ్బడం కనిపిస్తే వయసు మీద పడింది కదా అని సరిపెట్టుకోవద్దు.

మా దగ్గరికి వచ్చే గుండె రోగిని రాత్రి ఎన్ని దిండ్లు వేసుకుంటున్నారని అడుగుతాం. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే వెల్లకిలా పడుకోలేరు. కుక్కను అలా అడగలేం కాబట్టి దాని నిద్రనే చూడాలి. అది గాఢంగా పడుకున్నప్పుడు, కలల్లో కాళ్లు ఆడించనప్పుడు, గది చల్లగా ఉన్నప్పుడు నిమిషం పాటు పక్కటెముకల వైపు చూడండి. పైకి లేచి కిందికి దిగితే ఒకటి. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో ఈ లెక్క సాధారణంగా నిమిషానికి 30 దాటదు. వారానికి రెండు మూడుసార్లు లెక్కపెట్టి గోడ క్యాలెండర్ మీద రాసుకుంటే మీ కుక్క మామూలు అంకె తెలుస్తుంది. గుండె జబ్బు ఉన్న కుక్కకు ఆ అంకె పెరుగుతూ వస్తున్నా, మళ్లీ చూసినా 30 దాటే ఉన్నా అదే రోజు పశువైద్యులకు ఫోన్ చేయండి. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తున్నా, చిగుళ్లు నీలంగా మారినా ఫోన్ కూడా వద్దు, వెంటనే తీసుకెళ్లండి.

నాడి సంగతిలో ఒక తమాషా ఉంది. తొడ లోపలి వైపు వేలు పెట్టి చూస్తే, ఆరోగ్యంగా ఉండి విశ్రాంతిగా పడుకున్న కుక్క నాడి గాలి పీల్చేటప్పుడు వేగంగా, వదిలేటప్పుడు నెమ్మదిగా కొట్టుకోవడం మామూలే. మనిషిలో ఈ తేడా అంత స్పష్టంగా ఉండదు. కుక్క గుండె విఫలమవుతున్నప్పుడు తరచూ ఈ హెచ్చుతగ్గులు పోయి నాడి ఒకే వేగంతో పరిగెడుతుంది. లయ తప్పితే ఈసీజీ పట్టేస్తుంది. కవాటం కారుతున్నా ఈసీజీ మామూలుగానే ఉండవచ్చు. కాబట్టి పశువైద్యులు స్టెతస్కోపుతో మర్మర్ విని, అవసరమైతే ఎక్స్-రే, ఎకో రాస్తారు. ఈసీజీ బాగుంది కాబట్టి ఎకో అక్కర్లేదని వాదించకండి. ఇంట్లో తాతగారి గుండె మాత్రలు తుంచి కుక్కకు వేయడం మాత్రం అస్సలు వద్దు. మందు, మోతాదు నిర్ణయించాల్సింది పశువైద్యులే, నాలాంటి మనుషుల డాక్టరు కాదు.

ఇంత చేసిన వాలర్‌కు తన చేతిలో ఉన్నదాని విలువ చాలాకాలం అర్థం కాలేదు. 1911లో కూడా ఆసుపత్రుల్లో ఈ పరీక్ష వాడకం ఎప్పుడో అరుదుగా తప్ప ఉండదనే అనుకున్నారు. ఆయన దృష్టి వేరే విషయాల మీదికి పోయింది. క్లోరోఫాం మత్తు మోతాదు మించి ప్రాణాలు పోకుండా చూడటం మీద పనిచేశారు. మొక్కల విద్యుత్ స్పందన విషయంలో మన జగదీశ్ చంద్రబోస్‌తో గట్టి తగవే పెట్టుకున్నారు. ఈలోపు బాసెల్‌లో చూసి వెళ్లిన ఐంథోవెన్, పాదరసం కదలిక మందకొడిగా ఉందని గమనించి కొత్త గాల్వనోమీటర్‌ను తయారుచేశారు. అది పావు టన్నుకు పైగా బరువుండేది. గీతలోని ఎగుడుదిగుళ్లకు పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అని పేర్లు పెట్టిందీ ఆయనే. మేం రోజూ పలికేవి ఆ అక్షరాలే.

తర్వాత వాలర్ కూడా ఆ కొత్త పరికరాన్నే వాడుకున్నారు. 1917 నాటికి 2000 ఈసీజీలు పోగుచేసి వాటి మీద పరిశీలన ప్రచురించారు. 1922 మార్చిలో, 65 ఏళ్ల వయసులో, పక్షవాతం బారినపడి లండన్‌లో కన్నుమూశారు. ఈసీజీకి నోబెల్ బహుమతి వచ్చింది 1924లో. అందుకున్నది ఐంథోవెన్.